రాజప్రాసాద వర్ణనము

ఐరోపా దేశములకు పోయివచ్చిన మనవారు వ్రాయు యాత్రావ్యాసములు కొంతకాలముగ విరివిగా వెలువడుచున్నవి. కొడుకో కూతురో పారిసునందో వియన్నాయందో ఉద్యోగమున కుదురుకొనుట, తలిదండ్రులు వేసవి మూడునెలలు అచట గడిపివచ్చుట, వచ్చిన పిమ్మట చూచినదానిని కాగితముపై పెట్టుట మధ్యతరగతి గృహములలో నేడు వింత గాదు. ఈ వ్యాసములను మేము శ్రద్ధతోనే చదువుదుము. రైళ్లను గూర్చియు, చలిని గూర్చియు, శాకాహారమునకై పడిన పాట్లను గూర్చియు వ్రాసినచోట్ల వీనిలో నిజమైన రుచి కలదు. కాని ఒక ఘట్టము వచ్చుసరికి వ్రాయువారు వేర్వేఱైనను చేయి ఒక్కటే యగును. అది రాజప్రాసాద దర్శనము. గదులెన్ని, అద్దములెన్ని, దీపగుచ్ఛములెన్ని, తివాచీ పొడవెంత; ఆపైని "వర్ణింప ఆదిశేషునకైన తరము గాదు" అను ఒక్క వాక్యము; అటుపిమ్మట కాఫీ దుకాణము, కాఫీ ధర. ఆ ఘట్టమంతటిలో ప్రాణముగల వాక్యము కాఫీ ధర చెప్పినదే యని మా అభిప్రాయము. ఏలయన, అచట వ్రాయువారు తమ కన్నులతో చూచినారు. తక్కినదంతయు మార్గదర్శి చెప్పగా వినినారు.

లెక్కలు చెప్పుట దోషమని మేమనుట లేదు. వర్సేల్స్ ప్రాసాదములోని అద్దాలమందిరమున 17 కిటికీల కెదురుగ 17 కమానులును, వానిలో 357 అద్దములును కలవు. ఈ సంఖ్య నిజమే. కాని ఈ సంఖ్యతో నిలిచిపోయినవాడు ఏమి చూచినట్లు? ఆనాడు పెద్ద అద్దములు చేయు రహస్యము వెనిసు నగరపువారి సొత్తు. పదునాలుగవ లూయీ మంత్రియగు కోల్బేరు ఆ పనివారిని రప్పించి, 1665లో ఫ్రాన్సునందే రాజపోషితమైన అద్దాల కర్మాగారము పెట్టించెను. 1684లో మందిరము పూర్తియగుసరికి అది ఆ కర్మాగారమునకు ప్రకటనాపత్రమువంటిదయ్యెను. రాజుగారి వైభవమని మనము చెప్పుకొనునదానిలో సగము ఒక వణిజుని యుక్తి! ఇది తెలిసినవాడు 357 అని వ్రాసినచో ఆ అంకెకు అర్థము కలుగును. ఈ మందిరముననే 1871లో జర్మను సామ్రాజ్యము ప్రకటింపబడినది. 1919లో ఆ జర్మనీచేతనే సంధిపత్రముపై సంతకము చేయించినారు. అద్దములు రెంటిని చూపినవి. మన యాత్రికుడు ఆ అద్దములయందు తన ముఖమునే చూచుకొని, ఛాయాచిత్రము తీసికొని వచ్చుచున్నాడు.

ఈ అలవాటు మనకెక్కడిది? ప్రబంధములనుండి వచ్చినదని చెప్పువారు కలరు. దండి మొదలగు లాక్షణికులు మహాకావ్యమున నగరాదివర్ణనలు చేయవలెననిరి. మనవారు వానిని పదునెనిమిదిగ లెక్కించుకొని, మొదట పురమును వర్ణింపక కథ కదల్పరైరి. మేడలు చంద్రుని ఒరసికొనవలెను; కోటకొమ్ములకు సూర్యుని గుఱ్ఱములు వెఱవవలెను. ఈ అతిశయోక్తులనుండియే నేటి దీపగుచ్ఛముల లెక్క పుట్టినదనుట వినుటకు బాగుగనే యుండును. కాని ఇది ప్రబంధకవులకు అన్యాయము చేయుట యగును. మనుచరిత్రమునందు పెద్దన అరుణాస్పదపురముతో ఆరంభించినమాట నిజము. ఐతే పురవర్ణనయనగా ప్రబంధములలో మేడలు మాత్రమే గావు. నాలుగు వర్ణములవారి వృత్తులు కలవు, పూలమ్ము పడతులు కలరు, ఏనుగులు, గుఱ్ఱములు, చెఱువులు, తోటలు కలవు. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమును వ్రాయ పూనినపుడు ఈ వర్ణనలనే గాలించి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి యని తీసిచూపిరి. 1949లో వెలువడిన ఆ గ్రంథము వర్ణనమును చదువు విద్య నేర్పినది. నేటి యాత్రావ్యాసమును ముందు తరములవారు అట్లు గాలించినచో వారికి దొరకునది అద్దముల సంఖ్య మాత్రమే. ప్రబంధమున పూలమ్ము పడతి కలదు. మన వ్యాసమున నేల తుడుచు స్త్రీ లేదు.

తెలుగున యాత్రారచనకు మొదటినుండి ఇట్టి కఱవున్నదా యనిన, అదియు లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి 1831లో తిరిగివచ్చువఱకు ప్రతి మజిలీయందును బాట యెట్లున్నది, నీరెట్లున్నది, దినుసులు దొరకునా, సుంకపుఠాణా ఎక్కడ అని వ్రాసికొనిరి. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చైనది. దానిలో రాజ్యముల మంచిచెడ్డలు ధరలనుబట్టియు దారులనుబట్టియు తెలియుచున్నవి. అట్టి కన్ను మన భాషలో ఉండియు, మనము ప్రాసాదద్వారముకడ దానిని మూసికొనుట ఏల?

ఐరోపా మాట యటుండనిండు. మన ముంగిటనే ఐరోపా ప్రాసాదమొకటి కలదు. చార్మినారునకు సుమారు మూడు మైళ్ల దూరమున, గుట్టపైని ఫలక్‌నుమా. పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3వ తేదీని దీనికి శంకుస్థాపన చేయించెను. శిల్పి మారెట్ అను ఆంగ్లేయుడు. ఇటలీ పాలరాయి, ఇటలీ స్తంభరీతి, ఆంగ్లదేశపు విండ్సరు కోటలోని గ్రంథాలయమును పోలిన చెక్కడపు కప్పు, 101 మంది ఒక్కబంతిని కూర్చుండదగిన భోజనపుబల్ల. కొన్ని సంవత్సరములకే ఇది ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను అధీనమునకు వచ్చినది. పిమ్మట రాజాతిథుల విడిదియైనది; 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు విడిసిన తరువాత బహుకాలము మూతపడియుండి, 2010లో మరమ్మతులు ముగిసి పెద్ద హోటలుగ తెఱువబడినది.

ఈ భవనమును గూర్చి విద్యావంతులలో రెండు మాటలు వినవచ్చును. కొందఱు "మనకును వర్సేల్సు కలదు" అని మురియుదురు. కొందఱు "ఇది పరానుకరణము, దక్కను గుట్టపై ఇటలీ మేడ అనౌచిత్యము" అని ఆక్షేపింతురు. మేము సంస్కృతము చదివినవారమగుటచే ఈ రెండవ మాటకు మొదట చెవియొగ్గితిమి. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు జీవమనెను. నడుమున కట్టవలసిన మొలనూలు మెడను కట్టినచో నవ్వులపాలగుదుమని ఆ శాస్త్రపు సారాంశము. ఎండకాచు బండనేలపై చలిదేశపు వేషమేల యని అడుగుట న్యాయముగనే తోచును. కాని కొంచెము లోతుగ చూచినచో ఈ ఆక్షేపణ నిలువదు. వర్సేల్సు తానే ఇటలీనుండి ఎరువు తెచ్చుకొన్నది. చౌమహల్లా పారసీక రాజుల మందిరమునకు అనుకృతియని చెప్పుదురు. దానిని పరానుకరణమని నిందించువారిని మేము వినలేదు. మన గద్యమో? వీరేశలింగంపంతులవారు ఆంగ్లకథను తెనుగు నేలపై నాటి రాజశేఖరచరిత్రము వ్రాసినపుడు మనము దానిని దొంగసొమ్ము అనలేదే! ఎరువు తెచ్చుకొనుట కళలో దోషము గాదు. ఫలక్‌నుమా ముఖద్వారము అందమైనది. అందమైనదానిని అందమని ఒప్పుకొనుటకు దేశాభిమానము అడ్డు రాకూడదు.

కావున ఔచిత్యప్రశ్నను వేఱొకచోట అడుగవలెను. రీతి ఎచటనుండి వచ్చెననుట గాక, భవనము ఎవరికొఱకు, ఎవరి సొమ్ముతో అని. పైగా అనగా నిజాము సైన్యపోషణకై ఇచ్చిన జాగీరులు. సైన్యమునకని ఇచ్చిన గ్రామముల శిస్తు పాలరాయిగ మాఱినది. నిజాముల సొంతమగు సర్ఫేఖాసు గ్రామములో, రాజ్యవిస్తీర్ణమున సుమారు పదియవవంతు. ఈ గ్రామములలో శిస్తుపైని వెట్టియుండెను. అధికారి వచ్చినచో మోయుటకును, నీరు తోడుటకును, బట్టలుతుకుటకును కులమువారీగ మనుష్యులు పోవలసియుండిరి. 1930లో మా జిల్లాలోని జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ కూడినది. ఆ మహాసభయే పిదప వెట్టికి ఎదురునిలిచినది. 1949లో సర్ఫేఖాసు దివానీలో కలిసినది, జాగీరులు రద్దైనవి. 101 కుర్చీల బల్లను వర్ణించు వాక్యము ప్రక్కను ఈ రెండు సంవత్సరములను వ్రాసినచో ఆ బల్ల పొడవు తెలియును. అడుగులలో చెప్పిన తెలియదు.

ఇట్లనుటచే నిజాములు ప్రజలకేమియు చేయలేదని మాపై తప్పు మోపవద్దు. పటాన్‌చెరువు కర్మాగారములలో పనిచేయు వారి పిల్లలకు పాఠములు చెప్పువారము మేము. కొంతకాలము క్రిందట ఆ పిల్లలను చౌమహల్లాకు తీసికొనిపోయితిమి. సలాబతుజంగు కాలమున, 18వ శతాబ్ది నడుమ ఆరంభమై, అఫ్జలుద్దౌలా కాలమున, అనగా 1857–1869 నడుమ పూర్తియైన ఆ ప్రాసాదము 2005లో ప్రజలకు తెఱువబడినది. చక్కని పునరుద్ధరణమునకై 2010లో యునెస్కో పురస్కారము పొందినది. ఖిల్వతు దర్బారులోని 19 దీపగుచ్ఛములను పిల్లలు చూచిరి, పచ్చని పాతకారును చూచి సంతోషించిరి. కాని ఏడవ తరగతి బాలిక యొకతె నడిముంగిటి కొలనుకడ నిలిచి, "ఈ నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి సార్?" అని అడిగినది. పటాన్‌చెరువు పిల్లలకు నీటిని గూర్చి అనుమానము పుట్టుతోడనే వచ్చును. మంచినీరు ఏ రంగున ఉండవలెనో వారికి పుస్తకములో చెప్పుదుము. వీధి చివర కాలువలో వేఱురంగు చూతురు.

ప్రాసాదవర్ణనమునకు ఇంతకంటె మంచి ప్రశ్న మాకు కానరాదు. వర్సేల్సునకే ఈ ప్రశ్న వేసి చూతము. ఆ రాజు నీరులేని మిట్టనేలపై తోట వేయించెను. 1684లో సీన్ నదిపై 14 పెద్ద చక్రములతో ఒక యంత్రము నిర్మించి, నీటిని 500 అడుగులకు పైగా ఎత్తించెను. చాలలేదు. పిమ్మట ఊరు అను నదిని కాలువగ త్రిప్పుటకు వేలకొలది సైనికులను నిలిపెను; వారిలో అనేకులు జ్వరములచే చచ్చిరి; 1688లో యుద్ధము రాగా ఆ పని మధ్యలోనే నిలిచెను. తుదకు ధారాయంత్రములన్నియు ఒక్కమాఱు చిమ్ముటకు నీరు లేక, రాజు నడచుచోట మాత్రము తిరుగునట్లు, సేవకులు ఈలవేసి ఒకరికొకరు హెచ్చరించుకొనుచుండిరి. రాజు చూపు ఉన్నంతమేర నీరు. చూపు మఱలగానే కట్టు. దీపగుచ్ఛముల పట్టికలు నూఱు చదివినను ఆ రాజ్యము స్వభావము ఇంతగ బోధపడదు. 1789 అక్టోబరు 5వ తేదీని పారిసు స్త్రీలు రొట్టె కావలెనని ఆ ప్రాసాదముపైకి వానలో నడచిపోయిరనుట దీనికి తరువాయి అధ్యాయమే.

ఇక హైదరాబాదు నీరు. పాతనగరమునకు 19వ శతాబ్దమున మీర్ ఆలం చెఱువు నీరిచ్చినది. 21 అర్ధచంద్రాకారపు కమానుల ఆ కట్ట నేటికిని నిలిచియున్నది. 1908లో మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట విశ్వేశ్వరయ్యగారి ఆలోచనపై ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను కట్టబడినవి. మా మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. వాని కట్టలు దర్బారుమందిరముకంటె తక్కువ అందమైనవి గావు. రాజధనమున ఒక పాలు పాలరాయియై ఒక్కని కన్నులకును, ఒక పాలు కట్టయై లక్షలమంది గొంతులకును చేరినది. ఈ రెంటిని వేఱుచేసి చూపగలవాడే విమర్శకుడు. రెంటిని కలిపి "నిజాముల వైభవము" అనువాడును, రెంటిని కలిపి "నిజాముల దౌష్ట్యము" అనువాడును ఒకే పని చేయుచున్నారు.

మా పటాన్‌చెరువున రాజప్రాసాదము లేదని పిల్లలు చిన్నపోయిరి. ఒకప్పుడుండెడిది. కళ్యాణి చాళుక్యుల నెలవైన పొట్టలకెఱె ఇదియేయని చరిత్రకారులు గుర్తించిరి. 11వ శతాబ్దమున జయసింహుడు కొలువుదీరిన నగరున రాయి మీద రాయి లేదు. కన్నడమున కెఱె యన్నను, తెలుగున చెఱువన్నను ఒక్కటే. రాజు నగరు పోయి చెఱువు పేరు మిగిలినది. ఆ పేరుగల ఊరిలోనే 1970ల తరువాత కర్మాగారములు వచ్చినవి, బ్రతుకుదెరువు వచ్చినది, దానితో నక్కవాగులో విషము వచ్చినది. గ్రామస్థుల గోడు 1990లో సుప్రీంకోర్టువఱకు పోయినది. నేటి ప్రాసాదములకు స్తంభములుండవు, పొగగొట్టములుండును; వానిని వర్ణించునపుడైనను నీరెక్కడనుండి వచ్చి ఎక్కడకు పోవుచున్నదని అడుగు అలవాటు మా విద్యార్థులకు ఉండవలెను. ఉపన్యాసపోటీలలో వర్సేల్సుమీద వ్రాయుటకంటె దీనికి ఎక్కువ మార్కులు ఇయ్యవలెనని మేము తోడి ఉపాధ్యాయులతో వాదించుచుందుము. వాదము ఇంకను తెగలేదు.

ప్రాసాదములను ఏమి చేయవలెననునది మఱియొక ప్రశ్న. దీనియందు మాకు మొండిపట్టు లేదు. ఫలక్‌నుమా హోటలగుటచే బ్రతికినది, కాకున్నచో పాడువడియుండునేమో. కాని దానిలో ప్రవేశము విడిది చేయువారికిని, సొమ్ము చెల్లించి ముందుగ అనుమతి పొందువారికిని మాత్రమే. వింతయేమనగా, మా సంగారెడ్డిలో 1796లో కట్టిన చెఱసాలను 2016లో ప్రదర్శనశాలగ మార్చి, 500 రూపాయలిచ్చినవారు ఒకదినము ఖైదీవలె గడుపవచ్చునని ప్రకటించిరి. నగరమున సొమ్మిచ్చి రాజువలె ఒక రాత్రి, మా ఊర సొమ్మిచ్చి ఖైదీవలె ఒక దినము! రెండును చరిత్రను వేషముగ ధరించుటయే. ఐనను నిజము చెప్పవలెనన్న, చెఱసాల గోడలు కొంత చరిత్ర చెప్పును. పాలరాయి మెట్లు మాటాడవు. కూల్చివేయుటకంటె ఏదైనను మేలే. 2019లో ఇఱ్ఱంమంజిలును పడగొట్టి శాసనసభాభవనము కట్టవలెనని ప్రభుత్వము తలచినపుడు, ఉన్నతన్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. మేము సంతోషించితిమి.

ఫ్రాన్సువారు లూవ్రు ప్రాసాదమును 1793 ఆగస్టు 10వ తేదీని, రాచఱికము కూలిన వార్షికదినముననే, ప్రజల ప్రదర్శనశాలగ తెఱచిరి. ఆస్ట్రియావారి షేన్‌బ్రూన్, 1,441 గదులతో, 1918 నుండి ప్రజారాజ్యము సొత్తు. ఆంగ్లేయులు మాత్రము, 1992లో విండ్సరు కోట కాలిన పిమ్మట మరమ్మతు ఖర్చులకై, 1993 నుండి బకింగుహాము మందిరమును వేసవిలో టిక్కెట్టుపై చూపుచున్నారు. ఒకటి విప్లవముచేత, ఒకటి పరాజయముచేత, ఒకటి అగ్నిచేత తెఱువబడినవి. రాజద్వారములు ఊరక తెఱచుకొన్న ఉదాహరణము మాకు తోచుట లేదు.

మన దేశమునను ఇట్టి తెఱపులు కలవు. వానిని వర్ణించువారు లేరు. వనపర్తి సంస్థానాధీశుల ప్రాసాదములో 1959 నుండి పాలిటెక్నిక్ విద్యాలయము నడచుచున్నది. పూర్వము మోయుటకై మాత్రమే లోనికి వచ్చినవారి మనుమలు అచట యంత్రశాస్త్రము చదివిరి. హైదరాబాదు కోఠిలో 19వ శతాబ్ది మొదట కర్కుపాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ కలదు. పెద్ద స్తంభములు, ఎదుట సింహములు, లోన దర్బారుమందిరము, రెండు పాయలుగ విడివడి పైకిపోవు సోపానము. ఫలక్‌నుమాకంటె ఎనుబదియేండ్లు పెద్దదైన ఐరోపా ప్రాసాదము. అచటినుండియే ఆంగ్లప్రతినిధి నిజాము రాజ్యమునకు బుద్ధులు చెప్పుచుండెడివాడు. 1949లో మహిళాకళాశాల అచటకు మాఱినది. పైకప్పులు కాఱినవి, గదులు శిథిలములైనవి, కొన్నియేండ్లుగ మరమ్మతులు సాగినవి. కాని బాలికల రాక ఆగలేదు. ఆ కళాశాల ఇపుడు విశ్వవిద్యాలయమైనది; దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. తన నాలుగెకరాల పంటకై దేశముఖునెదుట నిలిచిన రజకస్త్రీ పేరు ఆంగ్లేయ రాయబారి సింహద్వారముపైని!

దీనిని గూర్చిన యాత్రావ్యాసమును మేమింతవఱకు తెలుగున చదువలేదు. వియన్నా పోయివచ్చిన సోదరులు ఒకపూట దీనిని చూచి వ్రాయవలెనని మా కోరిక. మేము వచ్చు సెలవులలో ఆ ఏడవ తరగతి పిల్లలను తీసికొనిపోదలచితిమి. పటాన్‌చెరువునుండి కోఠికి పోవు నగరపు బస్సు ఆ ప్రహరీకి నడకదూరముననే దింపును.